ఎర్ర దారం పెన్‌డ్రైవ్

పోయిన వారం మనం లిడియాను మోజెస్ సార్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందనుకోకండి. కథలో గడిచింది ఒక్క రాత్రే. ఆ ఒక్క రాత్రీ ఆమె కన్ను మూయలేదన్నది వేరే సంగతి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నిజామాబాద్‌లో గ్రేసమ్మ కంటి దవాఖాన అని ఒక చిన్న దవాఖాన ఉంది. చెరుకు పండే బోధన్ వైపు ఊళ్ళలో షుగర్ రోగం కూడా బాగానే పండుతుంది. అది కంట్లోకి దిగితే చూపు మెల్లమెల్లగా, నొప్పి లేకుండా, చెప్పకుండా పోతుంది. అందుకని ఈ దవాఖానవాళ్ళు మోస్రా, వర్ని, బోధన్ చుట్టుపక్కల క్యాంపులు పెట్టి, కంటి వెనక పొరకు ఫోటోలు తీసి పెడతారు. తీసేది లిడియా. ఇరవై ఆరేళ్ళ పిల్ల, పాత స్కూటీ, వీపున కెమెరా పెట్టె. సాయంత్రం దవాఖానకు తిరిగొచ్చి, కెమెరా కార్డులోని ఫోటోలను ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి, రిజిస్టరులో "ఎఫ్‌లో వేసిన" అని రాసి సంతకం పెట్టి ఇంటికి పోతుంది.

నిన్న సోమవారం ఫోటోలు ఎక్కించబోతే కంప్యూటర్ ఏదో తప్పు చూపెట్టింది. మేనేజర్ మోజెస్ సార్ ఆ పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటర్‌లో తెరిచి చూస్తే, జూన్ రెండో వారం తర్వాతి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఐదు నెలల క్యాంపులు, నాలుగు వందల పన్నెండు మంది కళ్ళు గల్లంతు. శుక్రవారం హైదరాబాద్ నుంచి లేజర్ డాక్టర్లు వస్తున్నారు. వాళ్ళు చేయగలిగేది అరవై మందికి. ఆ అరవై మంది ఎవరో తేల్చాలంటే ఫోటోలు రేపు సాయంత్రంలోగా వాళ్ళకు అందాలి. ఇదీ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఉన్న పరిస్థితి.

మోజెస్ సార్ చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా చర్చిలో పాటల పుస్తకాలు లెక్క తప్పకుండా పంచి, లెక్క తప్పకుండా తిరిగి తీసుకున్న మనిషి. జీపు నలభై దాటి నడపడు. ఆయనకు పద్ధతి అంటే ప్రాణం. పద్ధతిని ప్రాణంగా చూసుకునేవాళ్ళతో ఒక చిక్కు ఉంది. పద్ధతి తప్పయి ఉండొచ్చన్న ఆలోచన వాళ్ళకు చివరికి గానీ రాదు.

"కూసో," అన్నాడు.

లిడియా కూర్చోలేదు. బల్ల మీద ఎర్ర దారం పెన్‌డ్రైవ్, దాని పక్కన రిజిస్టరు, దాని పక్కన ఒక కాగితం ఉన్నాయి. కాగితం మీద ముందే టైపు చేసి ఉంది: 'నా సొంత కారణాల వల్ల పని మానుకుంటున్నాను.' కింద సంతకానికి చోటు.

"అరవై రెండు సంతకాలున్నయి లిడియా," అన్నాడు మోజెస్ సార్ రిజిస్టరు మీద వేలు పెట్టి. "ఎఫ్‌ల వేసిన, ఎఫ్‌ల వేసిన, ఎఫ్‌ల వేసిన. అరవై రెండు సార్లు. ఎఫ్ ఇగో నా ముంగట ఉన్నది. ఇండ్ల ఏం లేదు. మరి నేనేం అనుకోవాలె?"

"వేసిన సార్. ప్రతీ రోజు వేసిన."

"వేస్తే ఏడికి పోయినయి? రెక్కలొచ్చి ఎగిరిపోయినయా? బటన్ వత్తకుండనే సంతకం పెట్టి ఇంటికి పోయినవా? నిజం చెప్పు. నిజం చెప్తే నేను కమిటీ దాక తీసుకపోను."

బటన్ అంటే ఏమిటో చెప్పాలి. కంప్యూటర్లు కలిపే పని చూసే శివకుమార్ రెండేళ్ళ కిందట లిడియా కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ పెట్టి ఇచ్చాడు. దాన్ని నొక్కితే నల్లటి పెట్టె ఒకటి తెరుచుకొని, అక్షరాలు గిరగిరా పరుగెత్తి, కార్డులోని ఫోటోలన్నీ ఎఫ్‌లోకి వెళ్ళి, 'అయిపోయింది' అన్నట్టు పెట్టె మూసుకునేది. కార్డు కూడా అదే ఖాళీ చేసేది. లిడియా ఎఫ్‌ను తెరిచి చూడాల్సిన అవసరమే పడలేదు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం గానీ, రోజూ ఉడికే కుక్కర్‌ను ఎవరు అనుమానిస్తారు?

"నేను అబద్ధం చెప్తలే సార్," అంది లిడియా. రాత్రంతా ఆమె తనను తానే అడిగి చూసుకుంది. ఎప్పుడైనా మరిచిపోయానా? ఒకసారి మరిచిపోవచ్చు, రెండుసార్లు మరిచిపోవచ్చు. అరవై రెండు సార్లు మరిచిపోయే మనిషి తన ఇంటి దారి కూడా మరిచిపోవాలి. అయినా తెల్లవారేసరికి ఆమెకు తన మీద తనకే నమ్మకం సగం పోయింది. అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది. ఉద్యోగం పోతుందని కాదు. మోస్రాలో, వర్నిలో గడపగడపకూ తిరిగి, 'అవ్వా, జర కన్ను తెరువు, ఒక్క ఫోటో' అని బతిమాలి తీసిన ఫోటోలు అవి. ఆ మనుషులందరూ తనను నమ్మి కన్ను తెరిచారు.

"నీ మీద నాకు కోపం లేదు," అన్నాడు మోజెస్ సార్, కోపంగానే. "గని పద్ధతంటే పద్ధతి. నాలుగేండ్ల కింద ఈ దారం నేనే కట్టిన. ఎర్ర దారం అంటే ఎఫ్, క్యాంపు ఫోటోలు. పచ్చ దారం అంటే జి, మందుల జాబితా. గోళ్ళ రంగుతోని అక్షరం గూడ రాసిన. ఇంత సాఫ్‌గ ఉన్నంక గూడ గలత్ అయితే, గలతి దారందా, మనిషిదా?"

ఆ ఎర్ర దారం సంగతి కూడా దవాఖానలో అందరికీ తెలుసు. క్రిస్మస్ కేకు పెట్టెకు కట్టి వచ్చిన దారం అది. మెథడిస్టు మోజెస్ సార్ మంత్రగాడిలా దారాలు కట్టడం మొదలుపెట్టాడేమిటని అప్పట్లో నర్సులు నవ్వుకున్నారు. తర్వాత అదే అలవాటైపోయింది. 'ఎఫ్ ఇటియ్యి', 'ఎఫ్ బీరువల పెట్టినవా' అంటూ ఆ పెన్‌డ్రైవ్‌ను మనిషిని పిలిచినట్టు పిలిచేవారు. ఎఫ్ అన్నది దాని పేరే అయిపోయింది.

మోజెస్ సార్ పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ తన కంప్యూటర్‌కు తగిలించి, తెర లిడియా వైపు తిప్పాడు. "నువ్వే సూడు. జూన్ పదో తారీఖు. గంతే, ఆఖరు."

లిడియా చూసింది. తారీఖులను చూడలేదు. తెర పైన ఉన్న ఒక్క అక్షరాన్ని చూసింది.

"సార్, మీ దాంట్ల ఇది ఎఫ్ కాదు. ఇ అని వస్తున్నది."

"అయితే?"

"ఎఫ్ అయితే అన్నిట్ల ఎఫ్ అనే రావాలె గద సార్?"

మోజెస్ సార్ కళ్ళద్దాలు సవరించుకొని చూశాడు. నిజమే. గోళ్ళ రంగుతో ఎఫ్ అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ ఆయన కంప్యూటర్‌లో ఇ అని కూర్చుంది. "గది... ఏదో కంప్యూటర్ ముచ్చట. అసలు సంగతి మాట్లాడు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"అక్షరం గేటోడు ఇచ్చేది సార్. బండిది కాదు."

మూసిన తలుపు వెనక మాటలు వినడం తప్పు. తలుపు తెరిచి ఉంచి గట్టిగా మాట్లాడి, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకోవాలనడం ఇంకా పెద్ద తప్పు. ఆ గొంతు కాశయ్యది. మోస్రా మనిషి, డెబ్బై రెండేళ్ళు. ఎడమ కంట్లో మబ్బు కమ్ముతోందని పొద్దున మొదటి బస్సుకు వచ్చి, డాక్టర్ సౌందర్య వేసిన మందు చుక్కలతో కళ్ళు విప్పార్చుకొని, నల్ల కాగితపు అద్దాలు పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన ఫోటో ఆగస్టులో లిడియానే తీసింది. అదీ పోయినవాటిలోనే ఉంది.

"తాతా, మీరు బయట కూసోండ్రి," అన్నాడు మోజెస్ సార్.

"కూసుంట సార్. ఒక్క మాట చెప్పి కూసుంట." కాశయ్య గోడ పట్టుకొని లోపలికి వచ్చేశాడు. "నేను ముప్పై ఏండ్లు చెరుకు మిల్లు గేటు కాడ బిళ్ళలు ఇచ్చిన. పెద్ద ఫ్యాక్టరీ కాదు, చిన్న మిల్లు. ఇప్పుడు లేదు. రెండు గేట్లుండె. తూర్పు గేటు కాడ నేను, పడమటి గేటు కాడ దశరథం. బండి లోపటికి రాంగనే నంబరు బిళ్ళ ఇస్తుంటిమి. గా నంబరు పిలిస్తే కాటా మీదికి పోవాలె. నంబరు బండిది కాదు బిడ్డా, ఇయ్యాల నలబై అయితే రేపు తొమ్మిది. గేటోని చేతిల ఏది ఖాళీగుంటె గది."

"తాతా..."

"ఇనుండ్రి సార్. ఒకనాడు నేను ఒక బండికి నలబై ఇచ్చిన. దశరథం గూడ ఇంకో బండికి నలబై ఇచ్చిండు. ఒకరినొకరం అడగలే. కాటా కాడ నలబై అని పిలిస్తే ముంగటున్నోడు తోలుకొని పోయిండు. రెండోది పెంటవ్వ బండి. పొద్దూకేదాక యార్డులనే నిలవడ్డది. చెరుకు ఎండె, ఎడ్లు అలిసె. పెంటవ్వ పోయి అడిగితే, నలబై పొయ్యింది గదనే అంటరు అందరు. బండి కండ్ల ముంగటనే ఉన్నది. ఎవ్వనికి కనవడలే."

లిడియా కాశయ్య మొహంలోకి తదేకంగా చూస్తోంది.

"మరి ఎట్ల దొరికింది తాతా?"

"బండి చెక్క మీద సున్నంతోని పేరు రాసి పెట్టుకున్నది మా పెంటవ్వ. సదువొచ్చిన కాటా గుమాస్త గది సూసిండు. నంబరు గేటుది బిడ్డా, పేరు మనది."

అందరూ శాకాహారులే గానీ రొయ్యల బుట్ట మాయం అన్నట్టుంది కదా ఈ వ్యవహారం. ఇప్పుడు లిడియాకు బుట్ట ఎటు పోయి ఉంటుందో ఒక దారి కనబడింది. పెన్‌డ్రైవ్‌ను చటుక్కున లాగి, "సార్, ఒక్కసారి నా కంప్యూటర్ కాడికి రాండ్రి," అని అనుమతి కోసం ఆగకుండా నడిచింది. సంతకం కోసం ఎదురుచూస్తున్న కాగితం అక్కడే ఉండిపోయింది.

తన బల్ల దగ్గర పెన్‌డ్రైవ్ తగిలించింది. టుంగ్ మని శబ్దం వచ్చింది. శబ్దం వచ్చిందంటే పెన్‌డ్రైవ్ అందినట్టే కదా. కానీ తెర మీద వరసలో సి ఉంది, డి ఉంది, ఇ ఉంది. ఎఫ్ కూడా ఉంది, కాకపోతే దాని మీద చిన్న ఎర్ర గుర్తు. పెన్‌డ్రైవ్ మాత్రం ఎక్కడా లేదు.

"కండ్ల ముంగటనే ఉన్నది, కనవడతలేదు," అంది లిడియా. "సార్, నిన్న బటన్ వత్తితే తప్పు చూపెట్టింది గద. మీరు పెన్‌డ్రైవ్ ఖరాబయింది అన్నరు. గని ఆ ఇంగ్లీషుల నెట్‌వర్క్ అని ఉండె. నేను చదివిన. పెన్‌డ్రైవ్ ఖరాబయితే నెట్‌వర్క్ ముచ్చట ఎందుకొస్తది సార్?"

మోజెస్ సార్ శివకుమార్‌కు ఫోన్ చేశాడు.

శివకుమార్ బస్టాండ్ దగ్గర తన షాపు నుంచి పావుగంటలో వచ్చాడు. కుర్చీలో కూర్చొని, తెర మీద మామూలు మనుషులు ఎప్పుడూ తెరవని ఒక కిటికీ తెరిచి చూశాడు. అందులో పెన్‌డ్రైవ్ నిక్షేపంగా ఉంది. దాని పక్కన ఎఫ్ అని రాసి ఉంది. శివకుమార్ నాలుక కరుచుకున్నాడు.

"తప్పు నాదే సార్," అన్నాడు. శివకుమార్‌లో ఒక మంచి గుణం ఉంది, తప్పు చేస్తే నసగడు. "జూన్ నెలల మూడు కంప్యూటర్లు కలిపిన గద. గప్పుడు మెట్ల కింది పాత కంప్యూటర్‌ల ఫోల్డర్‌ను లిడియా అక్క దాంట్ల కనబడేటట్టు పెట్టిన. దానికొక అక్షరం ఇయ్యాలె. ఆ టైముల పెన్‌డ్రైవ్ పెట్టి లేదు, ఎఫ్ ఖాళీ కనబడ్డది. ఎఫ్ ఇచ్చేసిన."

"మరి పెన్‌డ్రైవ్‌కు?" అంది లిడియా.

"దానికి గూడ ఎఫ్‌ఏ. కంప్యూటర్ ఈ పెన్‌డ్రైవ్‌ను గుర్తు పెట్టుకున్నది. పెట్టినప్పుడల్ల పాత అక్షరమే ఇస్తది. నెట్‌వర్క్‌కు ఆల్రెడీ ఎఫ్ ఇచ్చిన్నా లేదా అని సూడది. ఇద్దరికి ఒకటే అక్షరం పడితే నెట్‌వర్క్‌దే పైకి కనబడతది, పెన్‌డ్రైవ్ ఎనక దాక్కుంటది."

"దశరథం, నేను," అన్నాడు కాశయ్య గుమ్మంలోంచి, తృప్తిగా.

"గదే తాతా. నెట్‌వర్క్ అక్షరాలు జడ్ నుంచి ఎనకకు ఇచ్చుకుంట రావాలె, పెన్‌డ్రైవ్‌లు ముంగటి నుంచి తీసుకుంటయి. గప్పుడు ఎదురుపడవు. మేం నేర్చుకునే మొదటి పాఠం ఇది. గదే మర్చిపోయిన." శివకుమార్ మౌస్‌ను రెండుసార్లు నొక్కి పెన్‌డ్రైవ్‌కు పి అని అక్షరం మార్చాడు. వెంటనే అది వరసలో వచ్చి కూర్చుంది, ఇంతసేపూ అక్కడే ఉన్నట్టు.

"అంటే," లిడియా మాట నెమ్మదిగా కూడదీసుకుంది, "నేను బటన్ వత్తినప్పుడల్ల..."

"ఫోటోలన్ని పోయినయి అక్కా. పెన్‌డ్రైవ్‌లకు కాదు, మెట్ల కింది కంప్యూటర్‌లకు. నువ్వు అరవై రెండు సార్లు వత్తితే అరవై రెండు సార్లు పోయినయి. నువ్వు ఎఫ్‌ల వేసిన అని రాసినవ్ సూడు, అది నిజం. ఎఫ్‌లనే వేసినవ్."

లిడియా కుర్చీ వీపు పట్టుకొని నిలబడింది. ఏడుపు వచ్చింది. నిన్నటి ఏడుపు కాదిది. రాత్రంతా తనను తాను దొంగలా నిలదీసుకున్న పిల్ల, ఇప్పుడు తనను తాను ఇంటికి తెచ్చుకుంది. చున్నీతో మొహం తుడుచుకుని నవ్వింది.

మోజెస్ సార్ తన గదిలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. అందరి ముందూ దాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"లిడియా, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు. "నీ సంతకం మీద నాకు నమ్మకం లేకపాయె. నేను కట్టిన దారం మీదనే ఉండె. దారం కడితే పేరు పెట్టినట్టే అనుకున్న."

"పర్వాలేదు సార్," అంది లిడియా. పర్వాలేకుండా ఏమీ లేదు, ఆమె రాత్రి అన్నం కూడా తినలేదు. కానీ పెద్దమనిషి అందరి ముందూ తల వంచితే అంతకంటే ఏమంటాం? "ముందుగాల ఫోటోలు తీసుకుందం. పాత కంప్యూటర్ ఆన్ చేస్త." ఆమె మెట్ల వైపు నడిచింది.

మెట్ల కింద దుమ్ములో ఒక నలుచదరం శుభ్రంగా ఉంది. అంతే.

"సార్," అంది లిడియా, "కంప్యూటర్ ఏది?"

మోజెస్ సార్ మొహం పాలిపోయింది. "శనివారం కొత్తది వచ్చింది గద," అన్నాడు. "పేషెంట్ల పేర్లు, చీటీలు అన్నీ శివకుమార్ కొత్త దాంట్లకు ఎక్కించిండు. ఫోటోలు పెన్‌డ్రైవ్‌ల ఉన్నయనే అనుకున్నం, వాటి జోలికి పోలేదు. పాతది... సిరికొండ దిక్కు ఒక చిన్న బడికి ఇచ్చేసిన. పిల్లలు నేర్చుకుంటరు అని."

నిన్నటి తప్పు కూడా అప్పుడే అందరికీ అర్థమైంది. లేని కంప్యూటర్‌కు ఫోటోలు పంపమంటే బటన్ మాత్రం ఏం చేస్తుంది? అందుకే దారి దొరకడం లేదని చెప్పింది.

"ఇంకేం, పోయి కాపీ చేసుకొస్తే అయిపాయె," అన్నాడు కాశయ్య.

శివకుమార్ మాత్రం తల పట్టుకున్నాడు. "అక్షరాల ముచ్చటల పడి నాకు యాదికే రాలే తాతా. ఆ బడోళ్ళు కంప్యూటర్ కొత్తగ చేసియ్యమని అడిగిండ్రు. పాతవన్ని తుడిచి మళ్ళ విండోస్ ఎక్కియ్యాలె. ఆ పనికి ఇయ్యాల పొద్దుగాలనే మా హన్మాండ్లును తోలిన."

హన్మాండ్లు శివకుమార్ షాపులో పార్ట్‌నర్. చెప్పిన పని చెప్పినట్టు, చెప్పినదానికంటే తొందరగా చేస్తాడని పేరు. ఇంతకుముందు ఆ పేరు శివకుమార్‌కు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఫోన్ చేస్తే 'అందుబాటులో లేరు' అని వస్తోంది. సిరికొండ గుట్టల్లోకి పోతే సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. బడి నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

డాక్టర్ సౌందర్య గదిలోంచి బయటికొచ్చి సంగతంతా వింది. నిరుడే ఈ దవాఖానలో చేరిన డాక్టరమ్మ, మాట తక్కువ. "కాశయ్యగారి కన్ను ఇప్పుడే చూసిన," అంది. "ఎడమ కంట్లో రక్తం కారిన గుర్తులున్నయి. అవి ఆగస్టులనే ఉండెనా, కొత్తగా వచ్చినయా అన్నది తెలవాలె. కొత్తగా వచ్చినయంటే శుక్రవారం మొదటి పేరు ఆయనదే. ఆ ఒక్క ఫోటో ఉంటే ఐదు నిమిషాల్ల చెప్పొచ్చు. ఇసొంటివాళ్ళు ఆ నాలుగు వందలల్ల ఎందరున్నరో."

మోజెస్ సార్ జీపు తాళాలు తీసుకున్నాడు.

"నేను గూడ వస్త," అన్నాడు కాశయ్య.

"చుక్కలు వేసిన కండ్లతోని ఏడికి తాతా? ఎండకు తట్టుకోలేరు," అంది లిడియా.

"నా కన్ను గా డబ్బల ఉన్నది బిడ్డా. నా కన్ను కాడికి నేను రానా?"

కాశయ్య ముందు సీట్లో, మోజెస్ సార్ పక్కన కూర్చున్నాడు. లిడియా, శివకుమార్ వెనక ఎక్కారు. లిడియా ఒళ్ళో ఎర్ర దారం పెన్‌డ్రైవ్‌తో పాటు కొత్తది పెద్దది ఇంకొకటి ఉంది, ఫోటోలు తెచ్చుకోవడానికి. జీపు డిచ్‌పల్లి దాటింది, ధర్పల్లి వైపు తిరిగింది. మోజెస్ సార్ నలభై దాటలేదు. ఆర్టీసీ బస్సు దాటిపోయింది. పసుపు మూటల ట్రాలీ దాటిపోయింది. చివరికి ఒక టీవీఎస్ మీద ముగ్గురు ఎక్కి దాటిపోతూ వెనక్కి తిరిగి చూశారు.

"ఏం బాధ పడకు అక్కా," అన్నాడు శివకుమార్ లిడియాతో. "ఆ కంప్యూటర్‌ల రెండు భాగాలున్నయి. సి అనేదాంట్ల విండోస్, డి అనేదాంట్ల మన ఫోల్డర్. తుడిస్తే ముందుగాల సినే తుడుస్తడు."

"డిని గూడ తుడిస్తే?"

శివకుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ధర్పల్లి దాటి రెండు కిలోమీటర్లు పోయాక అతని ఫోన్ మోగింది. హన్మాండ్లు! శివకుమార్ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, బడి డాబా ఎక్కి మాట్లాడుతున్న, కింద సిగ్నల్ లేదు. కరెంటుకు పొడుగు వైరు వేసి డబ్బను, తెరను పైకే తెచ్చుకున్న. ఒక భాగం తుడిచేసిన. రెండోది అట్లనే ఉన్నది."

"ఆగు! ఏది తుడిచినవ్? సినా డినా?"

"అక్షరాలు ఏడున్నయన్నా? విండోస్ పోయినంక అక్షరాలు గూడ పోయినయి. ఒకటి, రెండు అని చూపెడుతున్నది. ఒకటి తుడిచిన."

గేటు మూతపడ్డాక బిళ్ళలకు విలువ ఏముంటుంది? ఏది ఏదో ఇప్పుడెలా తెలియాలి? ముందు సీట్లో కాశయ్య కదిలాడు.

"పేరు అడుగు బిడ్డా," అన్నాడు వెనక్కి తిరగకుండా. "బండికి పేరు పెట్టిండ్రా?"

శివకుమార్ ఎగిరి కూర్చున్నాడు. "పెట్టిన! డికి నేనే పెట్టిన, దవాఖాన అని. పేరు డిస్కు మీదనే ఉంటది, అక్షరం పోయినా అది పోదు. హన్మాండ్లూ! మిగిలిన దాని పక్కకు పేరేమన్న రాసున్నదా?"

"ఉండు అన్నా, ఎండకు తెర కనబడతలేదు." అటు నుంచి ఏదో జరిపిన చప్పుడు. చెయ్యి అడ్డం పెట్టుకొని చదువుతున్నట్టున్నాడు. "ఉన్నది. డి... ఏ... డబ్ల్యూ... ఏ... దవాఖాన! దవాఖాన అని ఉన్నదన్నా."

జీపులో నలుగురూ ఒక్కసారిగా అరిచారు. లిడియా ముందుకు వంగి కాశయ్య భుజం పట్టుకుంది. మోజెస్ సార్ ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు. ఫోటోలున్నాయి. నాలుగు వందల పన్నెండు మంది కళ్ళూ ఉన్నాయి, సిరికొండ దగ్గర ఒక బడి డాబా మీద, ఎండలో.

"హన్మాండ్లూ, దాన్ని ముట్టకు! మేం వస్తున్నం!"

"అన్నా? హలో? ఏం వినబడతలేదు."

"ముట్టకు!" నలుగురూ కలిసి అరిచారు.

"హలో... అన్నా, నా మాట వినబడుతుందో లేదో. ఇగ సూడు, ఈ రెండోది మస్తు పెద్దగున్నది, ఉత్తగ జాగ అడ్డం. పిల్లలకు ఒకటే పెద్దది చేసిస్తే అక్కరకొస్తది. రెండూ తుడిచి కలిపేస్త. నువ్వు పొద్దుగాల చెప్పినవ్ గద, పాతవన్ని తీసెయ్యమని. సరే అన్నా, కానిచ్చేస్త."

ఫోన్ ఆగిపోయింది. లిడియా మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు. శివకుమార్ చేశాడు. అందుబాటులో లేరు. రోడ్డు పక్కన మైలురాయి మీద సిరికొండ తొమ్మిది అని ఉంది.

కాశయ్య నల్ల కాగితపు అద్దాలు సరిచేసుకొని, తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనబడని రోడ్డు వైపు మొహం పెట్టాడు.

"నాకు ముంగట ఏం కనవడతలేదు మోజెస్ సార్," అన్నాడు. "మీకు కనవడుతున్నది గద. తోలుండ్రి."

మోజెస్ సార్ చేతిలో మొదటిసారి ఆ జీపు ముల్లు నలభై దాటింది.